ములుగు కొండల నడుమ జంటగా ఒకరోజు సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ములుగులో బయల్దేరి రామప్ప గుడి, లక్నవరం చెరువు చూసుకుని సాయంత్రానికి మళ్లీ ములుగు చేరే దారి ఇది. మొత్తం సుమారు 75 కిలోమీటర్లు. భార్యాభర్తలు కలిసి వెళ్లాలనుకున్నప్పుడు వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇద్దరిలో ఎవరు నిదానంగా తొక్కుతారో వాళ్ల ఊపిరిని బట్టే రోజంతా కొలుచుకోవాలి. కింద చెప్పిన వేగాలు, వేళలు, మూటల లెక్కలు అన్నీ దాని ప్రకారమే వేశాం.

ఇన్ని దారులుండగా ఇదే ఎందుకు?

మూడు కారణాలు. మొదటిది, చూడటానికి బాగుంటుంది. లక్నవరం చెరువును కాకతీయుల కాలంలో కొండల మధ్యనున్న మూడు ఇరుకు లోయలకు అడ్డంగా చిన్న కట్టలు వేసి కట్టారు. మిగతా గట్లన్నీ కొండలే. అందుకే అక్కడికి వెళ్తున్నంతసేపూ పొలాలు తగ్గుతూ అడవి పెరుగుతూ, కొండలు దగ్గరకొస్తాయి. రెండోది, ఎత్తుపల్లాలున్నా పెద్ద ఘాట్ లేదు. నెల రోజులు అలవాటు చేసుకున్నవాళ్లు దిగకుండా తొక్కగలరు. మూడోది, దారి మళ్లీ మళ్లీ 163వ జాతీయ రహదారిని తాకుతుంది. ఎక్కడైనా ఓపిక అయిపోతే ఏటూరునాగారం నుంచి వరంగల్ వైపు వచ్చే బస్సులు దొరుకుతాయి. జంటగా వెళ్లేటప్పుడు ఈ మూడో కారణమే అన్నిటికంటే ముఖ్యం.

దారి వివరంగా చెప్పండి.

ములుగు నుంచి జాతీయ రహదారి మీద ఏటూరునాగారం వైపు వెళ్లి, జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మండలంలోని పాలంపేట వస్తుంది. రామప్ప గుడి అక్కడే. ములుగు నుంచి గుడికి సుమారు 15 కిలోమీటర్లు. చూశాక అదే దారిలో జంగాలపల్లి వచ్చి, రహదారి మీద ఎడమకు తిరిగి చల్వాయి దాకా వెళ్లాలి. అక్కడ కుడికి దిగితే బుస్సాపూర్ మీదుగా లక్నవరం. గుడి నుంచి చెరువుకు సుమారు 33 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో రామప్ప వైపు తిరగకుండా నేరుగా ములుగు వస్తే సుమారు 25 కిలోమీటర్లు.

జంగాలపల్లి–చల్వాయి మధ్య భాగం రోజులో కాస్త విసుగు పుట్టించేది. లారీలుంటాయి, నీడ తక్కువ. అది ఎండ ముదరకముందే అయిపోవాలి. బుస్సాపూర్ దాటాక దారి పూర్తిగా మారిపోతుంది. చివరి కిలోమీటర్లలో అడవి, మలుపులు, చిన్న చిన్న ఎక్కుళ్లు. అక్కడ తొందరపడకండి.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. చెరువు నిండుగా ఉంటుంది, ఎండ భరించేలా ఉంటుంది. మార్చి దాటితే మధ్యాహ్నం తొక్కడం ప్రమాదం, పైగా ఆయకట్టుకు వదిలాక చెరువులో నీళ్లు కూడా తగ్గుతాయి.

వానాకాలంలో పచ్చదనం చూసి మనసు లాగుతుంది. కానీ ఈ మండలాల్లో వాన ఎలా పడుతుందో తెలిసినవాళ్లు జులై, ఆగస్టుల్లో ఆకాశం చూసి మాత్రమే ధైర్యం చేస్తారు. 2023 జులైలో ఇదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అప్పటివరకు ఒక్కరోజులో అంత వాన నమోదు కాలేదు. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే మోకాలి లోతే కదా అని సైకిల్ ఎత్తుకుని దాటొద్దు. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనపడదు. సైకిల్ చక్రాలు ప్రవాహానికి అడ్డుపడి మనిషిని కూడా లాగుతాయి.

మేడారం జాతర రెండేళ్లకోసారి, సరిసంఖ్య సంవత్సరాల్లో మాఘమాసంలో వస్తుంది. ఆ నాలుగు రోజులే కాదు, ముందు నెల రోజులూ మొక్కులు తీర్చుకునేవాళ్లతో ఈ రహదారి కిక్కిరిసి ఉంటుంది. ఆ సమయంలో ఈ యాత్ర పెట్టుకోవద్దు. మహాశివరాత్రికి రామప్ప దగ్గర కూడా అంతే రద్దీ.

ఎన్నింటికి బయల్దేరాలి?

డిసెంబరులో ఇక్కడ ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, ఆరు కొట్టేసరికి వెలుగు మొదలవుతుంది. సాయంత్రం అయిదూ నలభైకల్లా పొద్దు కుంకుతుంది. ఆ లెక్కన:

6:00 ములుగు. ముందు, వెనక లైట్లు వేసుకుని బయల్దేరండి.
7:15 రామప్ప. గుడి, టిఫిన్, నీళ్లు.
8:45 రామప్ప నుంచి బయల్దేరడం.
11:20 లక్నవరం, మధ్యలో ఇరవై నిమిషాల విరామంతో.
2:00 తిరుగు ప్రయాణం.
4:15 ములుగు.

ఇది గంటకు 11–15 కిలోమీటర్ల వేగంతో వేసిన లెక్క. చీకటి పడటానికి ఇంకా గంటంబావు మిగులుతుంది. పంక్చర్‌కి, ఫొటోలకి, అలిగి ఆగిన అరగంటకి అదే ఆధారం. లక్నవరంలో రెండున్నర దాటినా కదలకపోతే ఆ మిగులు అక్కడే కరిగిపోతుంది.

మా ఆయన నాకంటే చాలా వేగంగా తొక్కుతారు. కలిసి వెళ్లడం ఎలా?

ఎక్కువ జంటలు అలిసిపోయేది దూరం వల్ల కాదు, ఇక్కడే. ఒకరు ముందుకెళ్లిపోయి చెట్టు కింద ఆగుతారు. రెండోవాళ్లు రొప్పుతూ వచ్చి చేరేసరికి మొదటివాళ్లకు విశ్రాంతి అయిపోతుంది, వెంటనే "పద" అంటారు. రోజంతా ఒకరికి విశ్రాంతి దొరుకుతుంది, ఇంకొకరికి దొరకదు. కాబట్టి మొదటి నియమం: ఆగిన తర్వాత కదిలేది ఆఖరున వచ్చినవాళ్లు "వెళ్దాం" అన్నప్పుడే.

చదును రోడ్డు మీద వేగంగా తొక్కేవాళ్లు ముందుండాలి, రెండోవాళ్లు వెనక. ఎదురుగాలి ముందువాళ్లకే తగులుతుంది కాబట్టి వెనకవాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది. పందేలవాళ్లలా చక్రానికి చక్రం ఆనించక్కర్లేదు, అలవాటు లేకపోతే అది ప్రమాదం కూడా. ఒకటిన్నర, రెండు మీటర్లు వదిలినా గాలి లాభం కొంత దక్కుతుంది. గుంత, రాయి, ఇసుక కనపడితే ముందువాళ్లు చేత్తో చూపించి నోటితో కూడా చెప్పాలి.

ఎక్కుడు రాగానే వరస మారాలి. నిదానంగా తొక్కేవాళ్లు ముందుకు రావాలి, వేగం వాళ్లే నిర్ణయించాలి. ఎక్కుడు మీద గాలి లెక్కలోకి రాదు. వెనక పడిపోయానన్న దిగులు మాత్రం కాళ్లలో బలాన్ని తీసేస్తుంది.

బరువుతో కూడా తేడా సర్దొచ్చు. పనిముట్లు, ట్యూబులు, తాళం, అదనపు నీళ్లు, తిండి అన్నీ కలిపితే నాలుగైదు కిలోలు. అవన్నీ బలమైనవాళ్ల క్యారియర్ మీదికి పోవాలి. రెండోవాళ్ల దగ్గర తాగే నీళ్లు, ఫోను, ఒక ట్యూబు చాలు.

వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. నిదానంగా తొక్కేవాళ్లు ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకోసారి ఊపిరి పీలుస్తుంటే తగ్గించండి. మొదటి గంటలో కాళ్లు తాజాగా ఉండటంతో అందరూ గీత దాటతారు, దాని ఫలితం మధ్యాహ్నం రెండింటికి కనపడుతుంది.

ఎలాంటి సైకిల్ కావాలి? మా ఇంట్లో గేర్లు లేనిది ఉంది.

35 నుంచి 42 మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్ ఈ దారికి సరిగ్గా సరిపోతుంది. మౌంటెన్ బైకైనా పర్వాలేదు. టైరు గుబ్బలు పెద్దవైతే రోడ్డు మీద బరువుగా నడుస్తుంది, అంతే. ముందు సస్పెన్షన్‌కి లాక్ ఉంటే రోడ్డు మీద బిగించేయండి.

గేర్ల సంఖ్య చూసి మోసపోవద్దు, పళ్లు లెక్కపెట్టండి. ముందున్న చిన్న చక్రానికి, వెనకున్న పెద్ద చక్రానికి పళ్లు దాదాపు సమానంగా ఉంటే, అంటే ముందు 28, వెనక 28 లేదా 32 ఉంటే, అలసిన కాళ్లతో కూడా ఎక్కుళ్లు దాటొచ్చు.

గేర్లు లేని సైకిల్ ముందు 44, వెనక 18 పళ్లతో వస్తుంది. దానితోనూ ఈ దారి అయిపోతుంది, కానీ నాలుగైదు చోట్ల దిగి నడవాలి. ఇద్దరిలో ఒక్కరికే గేర్లుంటే ఆ సైకిల్ నిదానంగా తొక్కేవాళ్లకివ్వండి.

ఒకే సైకిల్ మీద ఇద్దరం వెళ్లొచ్చా?

క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని 75 కిలోమీటర్లు కుదరదు. వెనక పుల్లలు విరుగుతాయి, దిగుడులో బ్రేకు చాలదు.

సీటు ఎత్తు ఎలా సరిచూసుకోవాలి?

గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కండి. పెడల్ అన్నిటికంటే కింద ఉన్నప్పుడు కాలు పూర్తిగా తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు మునివేళ్ల వెనక భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు పల్లంగా ఉందని, వెనకవైపు నొప్పి వస్తే ఎత్తుగా ఉందని అర్థం. అయిదేసి మిల్లీమీటర్లే మార్చుతూ చూడండి. సరైన ఎత్తు దొరికాక సీటు గొట్టం చుట్టూ ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి వేస్తే, జారినా మళ్లీ అక్కడికే తేవచ్చు.

సీటు ముక్కు పైకి లేచి ఉంటే ఆడవాళ్లకు మరీ ఇబ్బంది. నేలకు సమాంతరంగా పెట్టి, అవసరమైతే కొంచెమంటే కొంచెం కిందికి వంచండి. ఆడవాళ్ల కటి ఎముకలు సాధారణంగా వెడల్పు కాబట్టి సన్నటి సీటు గంటలోనే బాధపెడుతుంది. మెత్తటి జెల్ కవర్ దానికి మందు కాదు. పది కిలోమీటర్ల దాకా హాయిగా ఉండి తర్వాత ఒరిపిడి పెంచుతుంది. వెడల్పు సరిపోయే గట్టి సీటు, మంచి ప్యాడెడ్ షార్ట్స్ నయం.

టైర్లలో గాలి ఎంత?

35 మిల్లీమీటర్ల టైరుకు, మనిషి 60 కిలోలైతే ముందు 50, వెనక 55 పీఎస్‌ఐ. 75 కిలోలైతే ముందు 55, వెనక 65. మౌంటెన్ బైకు రెండంగుళాల టైరుకు 35–45. టైరు పక్కన అచ్చేసి ఉన్న గరిష్ఠ సంఖ్య దాటొద్దు. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మోసం చేస్తుంది, 35 పీఎస్‌ఐ కూడా గట్టిగానే అనిపిస్తుంది.

మోటార్ సైకిల్ పంక్చర్ షాపుల్లో కంప్రెసర్‌తో కొట్టించేటప్పుడు జాగ్రత్త. సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ, రెండు సెకన్లలో హద్దు దాటి పగిలిపోతుంది. కొంచెం కొంచెంగా కొట్టించండి. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే ఆ షాపుల్లో గాలి ఎక్కదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి ముందే వాల్వుకు బిగించి పెట్టుకోండి.

ఏ పనిముట్లు తీసుకెళ్లాలి?

ఇద్దరికీ కలిపి: రెండు కొత్త ట్యూబులు (రెండు సైకిళ్ల సైజులు వేరైతే ఒక్కోదానికి రెండేసి), ప్యాచీలు ఆరు, సొల్యూషన్ ట్యూబు ఒకటి, ఉప్పుకాగితం ముక్క, టైరు లీవర్లు మూడు, చేతిపంపు, 4–5–6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, స్క్రూడ్రైవర్, చైన్ టూల్ (చైను పిన్ను తీసేది), మీ చైనుకు సరిపోయే క్విక్ లింక్ (తెగిన చైనును కలిపేది) ఒకటి, జిప్ టైలు నాలుగు, చిన్న సీసాలో చైన్ ఆయిల్, పాత గుడ్డ. చక్రాలకు నట్లుంటే 15 నంబరు పానా కూడా.

సొల్యూషన్ ట్యూబు మూత ఒకసారి తీశాక నెలల్లో ఎండిపోతుంది. బయల్దేరే ముందు నొక్కి చూడండి. దారిలో తీస్తే ఖాళీ రేకు మిగలడం చాలామందికి ఎదురయ్యేదే.

పంక్చరైతే ఏం చేయాలి?

ఇక్కడ పంక్చర్లకు అసలు కారణం గాజు కాదు, సర్కారు తుమ్మ ముల్లు. రోడ్డు పక్కన కొట్టేసిన కంప నుంచి రాలి ఉంటుంది. సైకిల్‌ను మట్టిలోకి దింపి నీడ కోసం వెతికే ఆ పది అడుగుల్లోనే ఇంకో ముల్లు దిగుతుంది. ఆగేటప్పుడు తారు అంచునే దిగి, సైకిల్‌ను ఎత్తుకుని పక్కకు వెళ్లండి.

వెనక చక్రమైతే తీసేముందు చైనును వెనక గేర్లలో అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి వేయండి, తీయడం సులువవుతుంది. మిగిలిన గాలి పూర్తిగా తీసేసి, టైరు రెండు అంచులనూ చుట్టూ లోపలికి నొక్కండి. వాల్వుకు ఎదురు వైపు నుంచి లీవర్ పెట్టి ఒక అంచు మాత్రమే బయటికి తీయండి, ట్యూబు లాగేయండి. టైరు రిమ్ము మీద ఎలా ఉందో అలాగే ఉంచాలి. ట్యూబుకు గాలి కొట్టి చిల్లు కనుక్కుని, వాల్వు నుంచి అది ఎంత దూరంలో ఉందో టైరు మీద కొలవండి. ముల్లు సరిగ్గా అక్కడ ఉంటుంది.

ఇప్పుడు అందరూ వదిలేసే పని. టైరు లోపలి వైపు గుడ్డతో చుట్టూ తుడవండి. గుడ్డ ఎక్కడ పీచు పట్టుకుంటే అక్కడ ముల్లు మొన ఉన్నట్టు. వేలితో మాత్రం తడమొద్దు, కోసుకుంటుంది. తుమ్మ ముల్లు మొన టైరులోనే విరిగి, బయటికి కనపడకుండా ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లకే మళ్లీ పంక్చర్. "ట్యూబు నాసిరకం" అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

రోడ్డు మీద ప్యాచీ వేస్తూ కూర్చోకుండా కొత్త ట్యూబు వేసి, పాతదానికి లక్నవరంలో తీరిగ్గా వేయండి. ప్యాచీ వేసేటప్పుడు చిల్లు చుట్టూ ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, అయిదు నిమిషాలు ఆరనివ్వండి. తడి మెరుపు పూర్తిగా పోయాకే ప్యాచీ పెట్టి గట్టిగా నొక్కాలి. ప్యాచీలు ఊడిపోవడానికి తొంభై పాళ్లు తొందరే కారణం.

కొత్త ట్యూబుకు ముందు కొంచెం గాలి కొడితే గుండ్రంగా నిలబడి, అంచు కింద నలగదు. చివర్లో అంచును బొటనవేళ్లతోనే ఎక్కించండి, లీవర్‌తో ఎక్కిస్తే ట్యూబు నొక్కుకుని చిల్లు పడుతుంది. పక్కపక్కనే రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము కొరికిందని అర్థం.

ఇద్దరిలో ఒకరికే ఈ పని వస్తే సరిపోదు. బయల్దేరే ముందు ఆదివారం ఇంటి దగ్గర ఇద్దరూ చెరొకసారి చక్రం విప్పి బిగించండి.

రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే ఎలా వెళ్లాలి?

నవంబరు, డిసెంబరుల్లో వానాకాలం పంట, ఏప్రిల్, మేల్లో యాసంగి. రోడ్డు సగం వడ్లు, మక్కలే ఉంటాయి. వాటి మీదుగా తొక్కొద్దు. అది ఒకరి ఏడాది కష్టం, పైగా గింజల మీద చక్రం నిలవదు, బ్రేకు పట్టగానే జారుతుంది. కుప్ప అంచున పెట్టిన రాళ్లు పొద్దున మసకలో కనపడవు. నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప అసలే కనపడదు.

వరిగడ్డి ఇంకో తలనొప్పి. రోడ్డు మీద పడిన గడ్డి పోచలు వెనక గేరు చక్రాల్లోకి చుట్టుకుంటాయి. టకటకమని శబ్దం వస్తే, లేదా గేరు దానంతటదే దూకితే, వెంటనే తొక్కడం ఆపి దిగండి. ఇంకో నాలుగు తిప్పులు తొక్కితే గేర్లు మార్చే డిరైలర్ వంగి పుల్లల్లోకి పోతుంది. అక్కడితో ఆ రోజు యాత్ర ముగిసినట్టే. చైనును వెనక్కి తిప్పుతూ పోచలను చేత్తో లాగేయాలి.

రహదారి మీద లారీల భయం ఉంది.

ఉండాలి. గోదావరి ఇసుక లారీలు ఈ దారినే వస్తాయి. ఒకరి వెనక ఒకరే వెళ్లండి, పక్కపక్కన కాదు. తెల్లగీతకు అడుగు లోపలగా, తిన్నగా తొక్కండి. గీత అవతల ఇసుక, కంకర పేరుకుని ఉంటాయి. అక్కడినుంచి రోడ్డు మీదికి ఎక్కబోతే ముందు చక్రం జారి లారీ వైపే పడతారు. వెనక వచ్చే బండ్లు కనపడేలా కుడి హ్యాండిల్‌కే అద్దం బిగించండి. లారీ దాటిపోయాక గాలి ఒక్కసారిగా లోపలికి లాగుతుంది, అప్పుడు హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఉండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు.

వరంగల్ నుంచే తొక్కుకుంటూ వచ్చేవాళ్లు ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మొక్కుకోవడానికి బండ్లు చెప్పా పెట్టకుండా పక్కకు ఆగుతాయి.

తిండి, నీళ్లు ఎంత?

తొక్కే ప్రతి గంటకు మనిషికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. చెరో రెండు 750 మిల్లీలీటర్ల సీసాలు పెట్టుకుని, రామప్ప దగ్గర, లక్నవరంలో తప్పనిసరిగా నింపుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు.

రెండు సీసాల్లో ఒకటి ఓఆర్‌ఎస్. 20.5 గ్రాముల ప్యాకెట్ ఒక లీటరు నీటికి. దాన్ని అర లీటరు సీసాలో కలిపితే కడుపులో తిప్పుతుంది. సుమారు నాలుగు గ్రాముల చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు, కాబట్టి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చదవండి. దొరక్కపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

తిండి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఒక మాదిరి అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. అరటిపండ్లు, పల్లీపట్టీలు, ఖర్జూరాలు జేబులో పెట్టుకుని ముప్పావుగంటకోసారి తినండి. ఇంట్లో చేసిన సర్వపిండి ఈ పనికి చాలా మంచిది. పాడవదు, నలగదు, ఉప్పూ కారం ఉంటాయి, తీపి తిని మొహం మొత్తినప్పుడు నోటికి హాయిగా ఉంటుంది. పల్చగా కాల్చి నాలుగు ముక్కలు చేసి డబ్బాలో పెట్టుకోండి.

లక్నవరంలో బిర్యానీ ప్లేటు పూర్తిగా తిని వెంటనే సైకిలెక్కితే మొదటి ఎక్కుడులోనే తెలుస్తుంది. సగం కడుపుకే తినండి, తిన్నాక గంట ఆగండి. కల్లు ఇంటికొచ్చాకే.

ఏం వేసుకోవాలి?

ప్యాడెడ్ షార్ట్స్, వాటి లోపల లోదుస్తులు వేసుకోవద్దు. కుట్లు రాపిడికి గురై పుండ్లు పడతాయి. తొడల లోపలివైపు వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. పైన లెగ్గింగ్స్ లేదా వదులు ప్యాంటు వేసుకుంటే ఊళ్లలో ఆగినప్పుడు ఇబ్బంది ఉండదు. ప్యాంటు కుడికాలు అంచును రబ్బరు బ్యాండుతో బిగించాలి, చైను అటే. చున్నీ వేసుకుంటే రెండు కొసలూ నడుముకు ముడేయండి. వేలాడితే వెనక చక్రంలోకి పోయి మెడకు బిగుస్తుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

డిసెంబరు పొద్దుగాల అడవి పక్కన చలి బాగా కొడుతుంది. మందపాటి స్వెటర్ కాకుండా గాలి ఆపే పల్చటి జాకెట్ వేసుకుంటే ఎనిమిదింటికి విప్పి మడిచి పెట్టుకోవచ్చు. హెల్మెట్ ఇద్దరికీ.

రామప్పలో సైకిళ్లు ఎక్కడ పెట్టాలి? ఎంతసేపు ఉండొచ్చు?

వాహనాలు ఆపే చోటే. రెండు సైకిళ్లను ఎదురెదురుగా ఆనించి, ఒకే పొడవాటి గొలుసును రెండు ఫ్రేముల గుండా, రెండు వెనక చక్రాల గుండా తీసి తాళం వేయండి. జంటగా ఉన్న సైకిళ్లను ఎత్తుకుపోవడం కష్టం. నీడలో పెట్టండి, కొత్తగా వేసిన ప్యాచీలు ఎండకు వదులవుతాయి.

ఇది పూజలు జరిగే శివాలయం కాబట్టి షార్ట్స్ మీద లుంగీయో చున్నీయో చుట్టుకోండి. గంట సమయం తప్పకుండా ఉంచుకోండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పునాదిలో ఇసుక నింపారు. బయట చూరు కింద నల్లరాతి మదనికలను పొద్దుటి ఏటవాలు వెలుగులో చూడాలి. నడుము వంపుల్లో, నగల సందుల్లో నీడలు పడి చెక్కడం ఎంత లోతుగా ఉందో అప్పుడే తెలుస్తుంది. మధ్యాహ్నం వస్తే ఆ నీడలుండవు, కాళ్ల కింద రాయి కూడా కాలుతుంది. యాత్రలో రామప్పను ముందు పెట్టింది అందుకే.

లక్నవరంలో?

వేలాడే వంతెన మీద సైకిల్ తొక్కొద్దు, ఒడ్డునే తాళం వేసి నడిచి వెళ్లండి. ఆదివారం కార్ల రద్దీ, కాబట్టి శనివారమో, సెలవు దొరికితే మామూలు రోజో ఎంచుకోండి. చెరువులో ఈతకు దిగొద్దు. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు, మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

కోతులు, కుక్కలు?

హ్యాండిల్‌కు కవర్ వేలాడదీస్తే కోతులు వదలవు. తిండి మూసిన బ్యాగులో ఉండాలి. కుక్క వెంటపడితే వేగం పెంచకండి, ఆగి దిగి సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని నెమ్మదిగా నడవండి. చాలావరకు అక్కడితో ఊరుకుంటుంది. వెనక ఉన్నవాళ్లనే కుక్కలు ఎక్కువగా తరుముతాయి కాబట్టి ముందువాళ్లు కూడా ఆగాలి. అడవిలో పక్కదారులు పట్టొద్దు, లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి.

మధ్యలో ఒకరికి ఓపిక అయిపోతే?

తలనొప్పి, వణుకు, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనపడితే యాత్ర అక్కడితో ఆపేయాలి. నీడలో పడుకోబెట్టి, మెడ, చంకలు తడిపి, 108కి ఫోన్ చేయండి. ఉత్త నీరసమైతే రెండు అరటిపండ్లు, ఓఆర్‌ఎస్, అరగంట విశ్రాంతి ఇచ్చి చూడండి. తేరుకోకపోతే బస్సెక్కండి. సైకిళ్లను చల్వాయిలోనో జంగాలపల్లిలోనో హోటల్ వాళ్లనడిగి పెట్టి రావొచ్చు. "ఇంకో పది కిలోమీటర్లే" అని బతిమాలొద్దు.

సైకిళ్లను ములుగు దాకా ఎలా తీసుకెళ్లాలి?

కారు వెనక ర్యాక్ తేలిక. ర్యాక్ మీద పెట్టాక నంబర్ ప్లేటు, లైట్లు కనపడేలా చూడండి. బస్సులో ఎక్కించడం కండక్టర్ ఇష్టాన్ని, రద్దీని బట్టి ఉంటుంది. దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లు సైకిల్‌ను లగేజీగా బుక్ చేసి వరంగల్‌లోనో కాజీపేటలోనో దింపుకోవాలి. ములుగుకు రైలు లేదు. రైల్లో పంపేటప్పుడు పెడళ్లు విప్పి, డిరైలర్ చుట్టూ అట్టముక్క కట్టండి.

నెల రోజుల్లో తయారవగలమా?

అవచ్చు. వారం మధ్యలో రెండు రోజులు ముప్పావుగంట, ఆదివారాలు వరుసగా 20, 30, 40, 55 కిలోమీటర్లు. హన్మకొండలో ఉండేవాళ్లకు ఖిలా వరంగల్ మట్టికోట చుట్టుపక్కల, ఐనవోలు దారి అలవాటుకు బాగుంటాయి. చివరి ఆదివారం యాత్రరోజు వేసుకునే బట్టలు, మోసే బరువుతోనే తొక్కండి. ఆఖరి మూడు రోజులు విశ్రాంతి.

తాడ్వాయి, మేడారం కూడా కలపొచ్చా?

ఒక్క రోజులో కలపొద్దు. పస్రా నుంచి తాడ్వాయి దారి దట్టమైన అడవి, బాగుంటుంది. కానీ అదంతా కలిపితే మధ్యాహ్నం ఎండలో వేగం పెంచాల్సి వస్తుంది. తాడ్వాయిలో రాత్రి బస పెట్టుకుని రెండు రోజుల యాత్రగా చేయండి.

ఇంటికొచ్చాక సైకిళ్లకు ఏం చేయాలి?

అదే రాత్రి గుడ్డతో చైను తుడిచి దుమ్ము తీసేయండి, నూనె మర్నాడు వేయొచ్చు. ఒక్కో లింకుకు ఒక్కో చుక్క, పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయాలి. తడిగా వదిలితే దుమ్ము పట్టి చైను అరుగుతుంది. రెండు టైర్లనూ నిదానంగా తిప్పుతూ దిగబడిన ముళ్లు ఏరండి. ట్యూబు దాకా ఇంకా దిగని ముల్లు ఒకటైనా కనపడుతుంది. బ్రేకు ప్యాడ్ల గీతలు అరిగిపోయాయేమో చూసి, పాత ట్యూబుకు వేసిన ప్యాచీ గాలి నిలుపుతోందో లేదో తెల్లారేదాకా ఉబ్బించి ఉంచి, నిలిపితేనే మడిచి పనిముట్ల సంచిలో పెట్టండి.